ఉప్పునీళ్లు మంచినీళ్లైన వేళ

ఎనభైల చివరినాటి మాట. పెళ్లై జంషెడ్‌పూర్ వచ్చిన కొత్తలో అక్కడి భాలుబాసా బస్తీలో ఉండేవాళ్లం. మావారు ఒక ఫ్యాక్టరీలో బాయిలర్లకు నీళ్లు శుద్ధి చేసే చోట పనిచేసేవారు. కార్మికుల కుటుంబాలకు ఫ్యాక్టరీ చూపించిన రోజున మా అత్తగారినీ తీసుకెళ్లాం.

"అమ్మా, ఈ కొత్త మిషన్ ఉప్పునీల్లని మంచినీల్లు సేత్తాది" అన్నారు మావారు.

"అదెలాగవుద్దిరా? నానే ఉప్పేత్తాను, సూపించు!"

నీళ్ల శుద్ధి కోసం అక్కడుంచిన ఉప్పు గుప్పెడు తీసి, మిషన్‌కి నీళ్లందించే డ్రమ్ములో వేసి, ఆ నీళ్లు నోట్లో పోసుకుని ఉప్పగా తగలగానే ఉమ్మేశారు అత్తగారు. ఆఫీసర్లంతా చూస్తుంటే సిగ్గుతో చచ్చిపోయాను.

పంపు హోరెత్తింది. ఆ నీళ్లను పల్చటి పొరల్లోంచి గట్టిగా తోసేసరికి, ఉప్పంతా ఒక గొట్టంలోకి పోయి, ఇంకో గొట్టంలోంచి సన్నటి ధార వచ్చింది. అత్తగారు దోసిలి పట్టి తాగారు. మళ్లీ పట్టారు.

"మా ఊరి నూతులన్నీ ఉప్పేరా! మంచినీల్లకని మా యమ్మ రెండు కోసులు నడిసీది. కడవలు మోసి మోసి మెడ వంగిపోనాది. ఇది సూడకుండానే ఎల్లిపోనాది" అంటూ ఏడ్చేశారు.

ఆవిడ ఏమంటున్నారని ఇంజనీరు హిందీలో అడిగితే మావారు వాళ్ల అమ్మమ్మ కడవల సంగతి చెప్పారు. అత్తగారు ఆ గొట్టానికి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టారు. పక్కనే నేనూ పెట్టాను.

గుక్కెడు నీళ్లు మనిషిని అంతలా కదిలించడం అంతకుముందు నేనెరగను.