హాజరు చాలని వ్యాపారి

ఆ ఏడు వానాకాలంలో మా డిగ్రీ కాలేజీకి పైనుంచి ఒక ఉత్తర్వు వచ్చింది. పిల్లలందరికీ వ్యాపారం పెట్టడం నేర్పాలట. కామర్స్ చెబుతాను కాబట్టి ఆ పని నా నెత్తిన పడింది. నేనేమో జీవితంలో అగ్గిపెట్టె కూడా అమ్మి ఎరగను. జనగామ నుంచి రోజూ బస్సెక్కి వెళ్లి, పాఠం చెప్పి, సాయంత్రం మళ్లీ బస్సెక్కి ఇల్లు చేరేదాన్ని.

ఉత్తర్వుతో పాటు ఒక ఫారం పంపారు. ఒక్కొక్కరు ఒక వ్యాపార ఆలోచన రాసివ్వాలి. కంపెనీ పేరు, లోగో, అయిదేళ్ల లక్ష్యం. నిండి వచ్చిన ఫారాలు చూసి తల పట్టుకున్నాను. సగం మంది బిర్యానీ ఇంటికి చేర్చే కంపెనీ రాశారు. కాలేజీ ఉన్న ఆ చిన్న ఊళ్లో బిర్యానీ దొరికేది ఒక్కచోటే, ఎక్కడినుంచైనా నడిచి వెళ్లొచ్చు. అందరూ ఒకే ఫోన్‌లో చూసి రాశారని లోగోలే చెబుతున్నాయి.

ఒక ఫారం మాత్రం ఖాళీగా వచ్చింది. అది రెండో సంవత్సరం అమ్మాయిది. నర్మెట్ట వైపు ఒక తండా నుంచి వచ్చేది. వారానికి రెండు రోజులకు మించి క్లాసులో కనిపించేది కాదు. ఎందుకు రాయలేదని కాస్త కోపంగానే అడిగాను.

"నేను చేస్తనే ఉన్న మేడం. చేసేదాన్ని ఆలోచన అని ఎట్ల రాయాలె?" అంది.

పత్తి చేలకు మందు కొట్టే బ్యాటరీ పంపులు బాగుచేస్తుందట. మేనమామ దగ్గర నేర్చుకుంది. ఆయన పని వెతుక్కుంటూ పుణె వెళ్లిపోయాక రోడ్డు పక్కనున్న రేకుల షెడ్డు తనే నడుపుతోంది. మొదట్లో ఆడపిల్లకేం తెలుసని రైతులు పంపులు జనగామకు మోసుకుపోయేవారట. అక్కడ రెండు రోజులు తిప్పించుకుంటే, ఈమె ఆ పూటకే బాగుచేసి ఇస్తోందని తెలిసి వెనక్కి వచ్చారట.

పత్తి పూతకు వచ్చేసరికి కాలేజీలో వ్యాపారం మీద సదస్సు పెట్టారు. ఈ అమ్మాయి చేత మాట్లాడిద్దామన్నాను. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకోలేదు. హైదరాబాద్ నుంచి పిలిచిన అతిథి రెండు గంటలు ఆలస్యంగా వచ్చి, పిల్లలకు అర్థంకాని ఇంగ్లీషులో మాట్లాడి, శాలువా కప్పించుకుని వెళ్లిపోయాడు. మర్నాడు హాజరు చాలక పరీక్షకు అనుమతి లేనివాళ్ల జాబితా అంటించారు. అందులో ఆ అమ్మాయి ఉంది.

నేను నేరుగా ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్లాను.

"వ్యాపారం చేయండని మనమే చెప్పి, చేస్తున్న పిల్లను పరీక్షకు రావద్దంటామా సార్?"

"రూల్ అట్లుంది మేడం. రేపు ఆడిట్ల నన్నడుగుతరు" అన్నారాయన. చెడ్డవాడేమీ కాదు. రిటైరయ్యే ముందు తలనొప్పి వద్దనుకునే మనిషి, అంతే.

కోర్సు నిబంధనలన్నీ తిరగేశాను. పని నేర్చుకునే చోట గడిపిన సమయాన్ని హాజరుగా తీసుకోవచ్చని ఒక వాక్యం దొరికింది. ఆ చోటు అధ్యాపకులు స్వయంగా చూసి రాసివ్వాలి. మరుసటి రోజే పదిమంది పిల్లలను వెంటబెట్టుకుని నర్మెట్ట బస్సెక్కాను.

మేం వెళ్లేసరికి ఒక రైతు మోటారు కాలిపోయిందంటూ పంపు తెచ్చాడు. ఆ అమ్మాయి విప్పి చూసి, మందు వడగట్టే జాలీలో ఇరుక్కున్న బురద కడిగి, మళ్లీ బిగించింది. పంపు నీళ్లు చిమ్మింది. కొత్త మోటారు వేశానని చెప్తే ఆయనకేం తెలిసేదని మా పిల్లల్లో ఒకడు అడిగాడు.

"గట్ల చేస్తే గాయన మళ్ల రాడు. గాయనతోని తండా మొత్తం రాదు" అంది, చేతులు తుడుచుకుంటూ.

ఆపైన మా పిల్లలు అడిగిన ప్రశ్నలు నా క్లాసులో ఎన్నడూ అడగలేదు. సామాను ఎక్కడ తెస్తావు, పత్తి అయిపోయాక ఏం చేస్తావు, ఇంట్లో ఏమన్నారు అని వరసపెట్టి అడిగారు.

ఆ సందర్శన మీద పై ఆఫీసుకు నివేదిక పంపితే, ఫొటోలో బ్యానర్ లేదని చీటీ పెట్టి తిప్పి పంపారు. ఆ చీటీ చూసి ఒళ్లు మండిపోయింది. రేకుల షెడ్డుకు బ్యానర్ ఎందుకుంటుందని జవాబు రాశాను. మూడోసారికి ఒప్పుకున్నారు. ప్రిన్సిపాల్ గారు గొణుక్కుంటూ సంతకం పెట్టారు. ఆ అమ్మాయి పరీక్ష రాసింది.

అన్ని సబ్జెక్టులూ పాసై, నేను చెప్పిన వ్యాపార పేపర్‌లోనే తప్పింది. జవాబు పత్రం తెప్పించి చూస్తే పుస్తకంలోని నిర్వచనాలు లేవు, అన్నీ పంపుల సంగతులే. నాకు రెండు రోజులు అన్నం సహించలేదు. సప్లిమెంటరీకి ముందు ఒక ఆదివారం ఆ షెడ్డులోనే కూర్చుని, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు ఆమె చేత బట్టీ పట్టించాను. ఎన్నేళ్లుగానో పిల్లలను చేయొద్దని తిడుతున్న పని అది.

పరీక్ష రాసి ఫోన్ చేసింది. "ఈసారి అందరు రాసేదే రాసిన మేడం" అంది. పాసైంది కూడా. మంచిదమ్మా అన్నానే గానీ, ఆ మాటకు సంతోషించలేకపోయాను.