జనవరి ఒకటి

అక్క పోయిన నెలకు, డయాలసిస్ జాబితా తయారుచేసే ఆఫీసుకు వెళ్లాను. వంతు దగ్గరపడ్డాక ఆమె పేరు ఎందుకు మాయమైందో తెలుసుకోవాలి. జనగామలో నా ఉద్యోగమూ ఇలాంటి ఆఫీసులోనే, జాబితాల్లో రెండుసార్లు పడ్డ పేర్లు తీసేయడం.

కంప్యూటర్ ముందున్న అతను వెతికి చెప్పాడు. "గిదే పేరుతోటి ఇద్దరున్నరన్నా. మహబూబాబాద్ దిక్కు ఒకటే తండా, పుట్టిన తేదీ కూడా ఒకటే. డూప్లికేటని ఒకటి తీసేసినం."

"ఏంది ఆ తేదీ?"

"జనవరి ఒకటి."

"తండాలల్ల సగం మంది జనవరి ఒకటినే పుట్టిన్రు. తేదీ తెల్వదంటే మీరే గట్ల రాసిన్రు."

"అయితే ఆ రోజు కేకులకు మస్తు గిరాకీ," అని నవ్వాడు.

నేను వంగి కంప్యూటర్ తెర మీద రెండు పేర్ల వివరాలూ చూశాను. ఇద్దరి భర్తల పేర్లు వేరు, ఫోన్ నంబర్లు వేరు. ఒక్క ఫోన్ చేస్తే తెలిసేది. ఆ ఫోన్ ఎవరూ చేయలేదు. అక్క మాత్రం పిలుపు వస్తుందని ఫోన్ దిండు పక్కనే పెట్టుకుంది.

అక్క పోయిందని చెప్పి, ఆమె పేరు తిరిగి ఎక్కించమన్నాను. జాబితా పాత కాపీలోంచి ఆమె వివరాలు రెండు నిమిషాల్లో తిరిగొచ్చాయి.

"చనిపోయిన తేదీ ఏమెయ్యాలన్నా?" అని అడిగాడు.

చెప్పాను. ఆమె వివరాల్లో నిజమైన తేదీ అదొక్కటే.