టీచరమ్మ అడిగిన బావి

టీచరమ్మను వాంతిభేది తీసుకుపోయింది. ఆమె అడిగిన ప్రశ్నను మాత్రం మీరు చంపినారు. మదనపల్లెలో, పుంగనూరులో, కుప్పంలో ఈ పత్రికను చేతిలో పట్టుకొని చదువుతున్న మిమ్మల్నే అంటున్నాను. పక్కవాడి మొహం చూడకండి.

పోయిన ఆదివారం మదనపల్లెలో సంతాపసభ పెట్టినారు. రెండు నిమిషాలు లేచి నిలబడినారు. కొందరు నిజంగానే ఏడ్చినారు, కాదనను. బావి గురించి ఒక తీర్మానం చేద్దామని నేను లేస్తే అధ్యక్షులు నా భుజం మీద చెయ్యి వేసి, "ఈ పొద్దు సంతాపం ఒకటే అప్పా. ఇంకోటి ఎత్తితే గౌరవంగా ఉండదు" అన్నారు. మీరంతా తలలూపినారు. గౌరవంగా లేచి గౌరవంగా ఇండ్లకు పోయినారు. సరిగ్గా ఇట్లాంటి గౌరవమే ఆమె బావికి మొదటిసారి అడ్డం పడింది.

తెలియనివాళ్లకు చెప్తాను. మదనపల్లె మిషన్ బడిలో నా చెయ్యి పట్టి అక్షరాలు దిద్దించిన మనిషి ఆమె. పని నుంచి దిగినాక పుంగనూరు దారిలో తాను పుట్టిన హరిజనవాడకు తిరిగి పోయింది. అక్కడి చిన్న చర్చి వసారాలో సొంతంగా బడి పెట్టింది. ఆ వాడ మొత్తానికి ఓటు ఉన్నది ఆమె ఒక్కదానికే. చదువు వచ్చు గనుక సర్కారు ఇచ్చిన ఓటు. "నా చేతిలో ఉండేది వాడంతటి ఓటురా. పారేసుకుంటే అందరికీ జవాబు చెప్పుకోవాల" అనేది. ఓటు వేసి చేతులు దులుపుకునే రకం కాదు. మద్రాసులో శాసనసభ కూర్చున్నప్పుడల్లా అక్కడ జరిగిందంతా వాడకు చదివి వినిపించేది.

పుంగనూరులో గుడ్డల అంగడి సాయిబు మద్రాసు పేపరు తెప్పించేవాడు. ఆయన చదివి మడిచి బస్సు డ్రైవరు చేతికిస్తే, బొగ్గుతో నడిచే ఆ బస్సు పొగ కక్కుకుంటూ వచ్చి వాడ ముందర పేపరు పడేసి పోయేది. సాయంత్రం ఆడవాళ్లు కుంట నుంచి కడవలతో వచ్చి, వసారా కింద దించుకొని, అక్కడే కూలబడేవాళ్లు. మాకు పురాణం ఎట్లాగో వాళ్లకు సభ అట్లాగ. ఎన్నికలైన కొత్తలో, స్పీకరును ఇద్దరు చెరోపక్క నడిచి కుర్చీ దాకా తీసుకుపోయినారని ఆమె చదివితే, ముందు వరసలో కూర్చునే మునెమ్మ "పెండ్లికూతురా ఏమి, కుర్చీ యాడుండాదో తెలీదా ఆయప్పకు?" అనింది. టీచరమ్మ కండ్లద్దాలు తీసి, కొంగుతో తుడుచుకుంటూ, నవ్వు ఆగే దాకా చదవలేకపోయింది.

సభలో ఆమెకు అన్నిటికంటే నచ్చింది ప్రశ్నల గంట. పొద్దున సభ కూర్చోగానే మొదట ప్రశ్నలు. జాబితాలో ఉన్న సభ్యుణ్ణి పేరు పెట్టి పిలుస్తారు, ఆయన తన సీటులో లేచి అడగాలి, మంత్రి జవాబు చెప్పాలి. ఎంత పెద్ద మంత్రి అయినా చెప్పాలి. ఈ పద్ధతిని ఆమె తన బడికి తెచ్చుకుంది. పొద్దున ప్రార్థన అయినాక మొదటి గంట పిల్లలది. వాళ్లు అడగాలి, టీచరమ్మ చెప్పాలి. తెలియకపోతే "రేపు చెప్తాను" అని, పుంగనూరుకు పోయి ఎవరినైనా అడిగి వచ్చి చెప్పేది. ఎండా వానా వస్తే నక్కకు పెండ్లెందుకు అన్న దగ్గర నుంచి, ఊరివాళ్ల బావి మనం యాల ముట్టకూడదు అన్న దాకా అన్నీ వచ్చేవి.

ఒక్క సంగతిలో మాత్రం ఆమెకూ శాసనసభకూ పడలేదు. పిలిచినప్పుడు సభ్యుడు సీటులో లేకపోతే అతని ప్రశ్న పోయినట్టే. బడిలోనూ మొదట అదే నియమం పెట్టింది. ఒకనాడు ఒక పిల్ల తమ్ముణ్ణి ఎత్తుకొని కూర్చోవలసి వచ్చి బడికి రాలేదు. పేరు పిలిచినారు, పలకలేదు, ప్రశ్న పోయింది. మరుసటి రోజు నియమం మారిపోయింది. "బిడ్డ రాకుంటే పక్కనున్న బిడ్డ అడుగుతాది. అడిగేటోళ్లు మారినా దప్పిక మారదు గదా" అనింది. ఆ మాట విని నేను, పెద్ద రాతగాణ్ణి గదా, "టీచరమ్మా, మీరు మద్రాసులో ఉండాల్సింది" అన్నాను. "ఆడ నీళ్లు తెచ్చేదెవరు?" అని కొట్టిపారేసింది.

నీళ్ల సంగతికే వస్తాను. ఆ వాడ తాగేది కుంట నీళ్లు. గొడ్లు దిగే కుంట. వాడకని ఒక బావి మంజూరైంది, తవ్వినారు కూడా. తవ్వింది వాడలో కాదు, ఊళ్లో ఒక పెద్దరైతు మామిడి తోపులో. ఆ తోపుకు కంచె, కంచెకు కావలి. అర్జీలు పెట్టినారు, పని కాలేదు. చివరికి ఆమె మన సభ్యుడి దగ్గరికి పోయి, ఎన్నికల్లో ఆయన వాడలో తాగిన మజ్జిగను గుర్తు చేసి, ఒకే ఒక్క ప్రశ్న ఆయన పేరు మీద పెట్టించింది: వాడకిచ్చిన బావి తోపులో యాల ఉండాది? సర్కారు భాషలోకి మార్చినప్పుడు అది నాలుగు వరసలైంది. అడిగింది మాత్రం ఇంతే.

ప్రశ్న జాబితాకెక్కిందని తెలిసిన రోజున పుంగనూరు సంతలో ఆమె ఒక కొత్త కుండ కొన్నది. వసారా మూల బోర్లించి పెట్టింది. మునెమ్మ నీళ్లు పోయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "కుంట నీళ్లు దీనికి తగలకూడదు. బావి నీళ్లు పడినాకనే దీన్ని తిప్పేది."

సభ కూర్చున్న మూడో రోజు ఆమె ప్రశ్న రావాలి. మరునాడు పేపరు వచ్చే దాకా ఆగలేక తానే బస్సెక్కి సాయిబు అంగడికి పోయింది. ఆయన పేపరు ముందే విప్పి పెట్టుకొని ఉన్నాడు. "టీచరమ్మా, మీ సభలో మయ్యత్తు అయిపోయింది" అన్నాడు. ఎవరో పాతకాలపు సభ్యుడు పోయినాడట. పెద్దలు నాలుగు మంచి మాటలు చెప్పి, లేచి నిలబడి, గౌరవసూచకంగా ఆ నాటికి సభను ముగించినారట. ప్రశ్నలన్నీ మరుసటి వారానికి.

ఆమెకు కోపం రాలేదు. నాకు వచ్చింది. ఆమె అన్నది ఇది: "పోయినోళ్ల కోసం లేసి నిలబడాల్సిందే నాయనా. నిలబడినోళ్లు మళ్లా కూసోని పని సూడాల." ఊరికే చెప్పిన నీతి కాదు. మొగుణ్ణి మట్టి చేసిన మరుసటి పొద్దున ఆమె బడి తెరిచింది. ప్రశ్నల గంటలో ఒక పిల్ల, "అయ్య యాడికి పాయె?" అని అడిగింది. దానికీ జవాబు చెప్పింది.

మరుసటి వారం వచ్చింది. ఇప్పుడు మీ వంతు.

ఆ ప్రశ్న రావలసిన పొద్దునే మీరు మన సభ్యుణ్ణి కుప్పానికి పిలిచినారు. స్టేషనులో తోరణాలు కట్టినారు. ముందే తెలిసి నేను కుప్పం వచ్చి, ఒక్క రోజు వెనక్కి జరపమని మీ సన్మాన సంఘాన్ని అడిగినాను. "ప్రశ్న యాడికి పోతాదప్పా, రేపు అడుగుతారులే. కోలారు బ్యాండుకు మాటిచ్చేసినాం" అన్నారు. బ్యాండుకిచ్చిన మాట నిలబెట్టుకున్నారు, మెచ్చుకోవాలి. ఆయన రైలు దిగినారు. మెడ కనపడకుండా దండలు వేసినారు. నేను జనంలోంచి తోసుకొని పోయి ప్రశ్న సంగతి అడిగితే, ఆయన పాపం నిజంగా ఉలిక్కిపడి, "అది ఈ రోజేనా?" అన్నారు. అప్పుడు బ్యాండు మొదలైంది.

ఆ సాయంత్రమే నేను బస్సు పట్టుకొని వచ్చి, మరుసటి రోజు వాడలో ఉన్నాను. పేపరు వచ్చింది. ఆడవాళ్లు కడవలు దించుకొని కూర్చున్నారు. ఆ వాక్యం దాటేసి చదువుతుందేమో అనుకున్నాను. దాటలేదు. సభ్యుడు హాజరు లేనందున ప్రశ్న అడగబడలేదు అని, బైబిలు చదివే గొంతుతోనే చదివింది.

"అంటే మన బాయి?" అని అడిగింది మునెమ్మ.

"పేరు పిలిచినారంట. పలికేటోళ్లు లేకపోయిరంట."

ఎవరూ తిట్టలేదు. ఒక్కొక్కరే లేచి, కడవ తలకెత్తుకొని పోయినారు. టీచరమ్మ పేపరు మడిచి, బోర్లించిన కుండ మీద పడిన దుమ్మును కొంగుతో తుడిచింది.

నేను మండిపోతూ, మిమ్మల్నందరినీ తిడుతూ ఒక వ్యాసం రాస్తానన్నాను. "రాయి. నీకు కోపం బాగా వస్తాది, చిన్నప్పటి నుంచీ అంతే" అనింది. "అయితే నీ రాతలు చదివితే నువ్వెవరి మీద కోపంగా ఉండావో తెలుస్తాది గానీ నీకేం కావాల్నో తెలీదు. కడాన అది రాయి. ఒకటి, రెండు అని అంకెలేసి రాయి. సర్కారోళ్లు అంకెలుంటేనే చదువుతారు." నాతో ఆమె మాట్లాడిన ఆఖరి మాటలివే.

ఎండలు ముదిరినాయి. కుంట అడుగంటింది. వాడలో మొదట ఇద్దరు బిడ్డలకు వాంతిభేది వచ్చింది. ఆమె వాళ్ల దగ్గర కూర్చొని నీళ్లు కాచి తాపించి బతికించుకుంది. తనకు వచ్చేసరికి కాచడానికి ఓపిక లేకపోయింది. ఎద్దుల బండిలో మదనపల్లె ఆసుపత్రికి తెస్తుండగా దారిలోనే ప్రాణం పోయింది. దారి పక్కన ఆ మామిడి తోపు ఉంది. బండి దాన్ని దాటుకునే వచ్చింది. నేను ఆసుపత్రి వాకిట్లో నిలబడి ఉన్నాను. గుడ్డ తొలగించి చూపించినారు. పెదవులు పిడచగట్టి ఉన్నాయి.

ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

1. వాడకిచ్చిన బావిని వాడలోనే తవ్వాలి.

2. తవ్వే దాకా తోపులోని బావికి కంచె తీసెయ్యాలి. కావలి ఉండకూడదు.

3. మన సభ్యుడు ఆ ప్రశ్నను మళ్లీ జాబితాకెక్కించాలి. ఆ రోజు సీటులో ఉండాలి. జవాబు వచ్చే దాకా మదనపల్లెలో గానీ, పుంగనూరులో గానీ, కుప్పంలో గానీ ఆయనకు ఒక్క దండ కూడా పడకూడదు.

4. అడగవలసినవాడు లేకపోతే పక్కవాణ్ణి అడగనియ్యాలి.

5. ఎవరు పోయినా సభ లేచి నిలబడాలి. నిలబడి, మళ్లీ కూర్చోవాలి.

6. టీచరమ్మ పేరు మీద పటం వద్దు, వీధి వద్దు. చర్చి వసారా మూల ఒక కుండ బోర్లించి ఉంది. దాన్ని ఎవరూ ముట్టకూడదు. బావిలో నీళ్లు పడిన రోజున మునెమ్మ వచ్చి తిప్పుతుంది.