నేలమాళిగ మెట్ల మీది కొవ్వొత్తి

మొదటి పెద్ద యుద్ధం ముగిసిన కొత్తలో కమలాపురం మిషను దొరసాని పుట్టింటికి పోతూ, తన పాపకు ఆయాగా నన్ను వెంట తీసుకుపోయింది. ఆమె పుట్టిల్లు ఆల్సాసు సీమలో, ద్రాక్షతోటల మధ్య పల్లె. ఆ సీమ యుద్ధానికి ముందు జర్మనీది, తర్వాత ఫ్రాన్సుది. దొరసాని తండ్రి ఒక భాషలో ప్రార్థించి ఇంకో భాషలో తిట్టేవాడు. కొత్తవాళ్ళు కనబడితే ఏ భాషలో పలకరించాలో తెలియక ఊరివాళ్ళే జంకేవాళ్ళు. ఇక నేనెంత? ఆ ఇంట్లో నా మాట తెలిసింది దొరసానికీ, నేను పెంచిన ఐదేళ్ళ పాపకూ మాత్రమే.

ద్రాక్షలు కోసి, పిండి, రసాన్ని నేలమాళిగలో పీపాలకు పోశారు. ఒకరోజు పొద్దున చూస్తే మాళిగ మెట్ల మీద కొవ్వొత్తి వెలుగుతోంది, మనిషి జాడ లేదు. పట్టపగలు దీపం! కిరసనాయిలుకు మొహంవాచిన ఊరిదాన్ని, నాకు ఒళ్ళు మండింది. నాలుగు మెట్లు దిగి చేత్తో ఆర్పేసి వచ్చాను. నోటితో ఊదకూడదని మా అమ్మ నేర్పింది.

మధ్యాహ్నానికి పాప కనబడలేదు. దాని బొమ్మ మాళిగ గడప దగ్గర పడి ఉంది. తోట నుంచి వచ్చిన ముసలాయన లోపలికి తొంగిచూసి కేక పెట్టాడు. దిగబోయిన దొరసానిని గట్టిగా పట్టుకున్నాడు.

"దీపం ఆరిపోయిండాది! రసం పులిసేటప్పుడు చెడ్డగాలి వస్తాది. దీపం ఆరితే ఎవురూ దిగరాదు!" అని దొరసాని నాతో అంటూ ఏడ్చింది.

అప్పుడు తెలిసింది. మా ఊళ్ళో జొన్నల పాతర తెరిచినా ముందు గుంతలోకి దీపమే దించుతారు. ఆరితే దిగరు. నా మొగుడు తొందరపడి దిగి శవమై పైకొచ్చాడు. అయినా పండ్ల రసంలో చావు ఉంటుందని నాకు తట్టలేదు.

ఆ దీపాన్ని ఆర్పింది గాలి కాదు, నేను. ఆ మాట చెబితే ముసలాయన వెంటనే దిగుతాడు. కానీ లోపల గాలి మంచిదో చెడ్డదో ఇప్పుడు ఎవరికీ తెలియదు. నన్ను నమ్మి దిగి ఆయన చస్తే? నోరు మూసుకుంటే పాప ఏమైపోతుంది? నేనే దిగాలి. దేవుని మీద భారం వేశానంటే అబద్ధం. ఆ క్షణాన నాకు గుర్తొచ్చింది దేవుడు కాదు, నీలంగా మారిన నా మొగుని మొహం.

వంటింట్లో కొవ్వొత్తి వెలిగించుకొని దిగాను. ఏడో మెట్టు దగ్గర మంట చిన్నదైంది. ఊపిరి బిగబట్టాను. ఇంకో రెండు మెట్ల కింద పాప గోడకు ఆనుకుని ఉంది, తల వాలిపోయింది. చెడ్డగాలి అడుగునే పేరుకుంటుంది కాబట్టి పాపను తలకంటే ఎత్తుగా పట్టుకున్నాను. ఎట్లా ఎక్కానో తెలియదు.

వాకిట్లో పడుకోబెడితే, కాసేపటికి పాప వాంతి చేసుకుని ఏడ్చింది. ఎందుకు దిగావని తల్లి అడిగింది.

"తాత ఆ వెలిగే దీపం దగ్గరికి పోవద్దన్నాడు. ఇప్పుడు వెలగడం లేదు కదా, అందుకే దిగినా," అంది.

"పొద్దున ఆర్పింది నేనేనమ్మా. పగలు ఊరికే మండుతాండాదని..." అని చెప్పేశాను.

దొరసాని తండ్రి వైపు తిరిగి వాళ్ళ భాషలో ఏదో చెప్పింది. ఆయన నా చేతులు పట్టుకుని ముద్దుపెట్టుకున్నాడు.

"ఏం చెప్పినారమ్మా?"

"నీకు చావంటే భయం లేదని చెప్పినా."

ఆదివారం చర్చిలో నా కోసం ప్రార్థన కూడా చేశారు. కమలాపురం తిరిగి చేరేదాకా దొరసాని నన్ను పల్లెత్తు మాట అనలేదు. కానీ ఆ రోజు నుంచి పాపకు స్నానం తానే చేయించింది, అన్నం తానే పెట్టింది. పాప "ఆయమ్మా" అని నా వైపు చేతులు చాపితే, ఎత్తుకుని అవతలి గదిలోకి పోయేది.