తెరిచి ఉంచిన తలుపు

ఎడిటింగ్ గదిలో ఆయన తలుపు వేసుకోడు. ఏసీ చల్లదనమంతా బయటికి పోతోందని అసిస్టెంట్లు గొణిగినా చెవిన పెట్టడు. కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, చల్లారిన టీ గుటకేస్తూ, మాటిమాటికీ గుమ్మం వైపు చూస్తాడు. ఇంట్లో స్నానాలగదికి సైతం గడియ పెట్టడు. ఈ అలవాటు, ఒక నవల ఆధారంగా తీసిన మిల్లు సినిమాకు ఎడిటింగ్ చేసినప్పటి నుంచి అంటుకుంది. నవలలో, కూలీలు పని మధ్యలో బయటికి పోకుండా యజమాని తాళం వేయిస్తాడు. లోపల నిప్పు అంటుకుని, వాళ్లు బయటపడలేక కాలిపోతారు. "తాళం షాటుతో గొడవెందుకండీ? మంట చాలు," అన్నాడు నిర్మాత. ఆ షాటు కోసినవి ఈయన చేతులే. దాని చోట వానపాట వచ్చి కూర్చుంది.

సినిమాకు అక్కను దగ్గరుండి తీసుకెళ్లాడు. వయసులో ఉన్నప్పుడు ఆమె పనిచేసిన మిల్లుకూ అలాగే తాళం పడేది. బయటికొచ్చాక ఆమె కొంగుతో కళ్లొత్తుకుంది. "భలే ఏడిపించావురా తమ్ముడూ. ఎవర్ని అని ఏం లాభం? వాళ్ల తలరాత అలా ఉంది."

మొన్న ఆమె ఇంటికొచ్చి, గాలికి కొట్టుకుంటున్న తలుపుకు గడియ పెట్టబోయింది. ఆయన చటుక్కున లేచి చెయ్యి పట్టుకున్నాడు.

"వెయ్యకక్కా. వాళ్లింకా లోపలే ఉన్నారు."