మీ బండి గూడూరు దిక్కు పోతదా?

కోసిన పచ్చగడ్డి వాసన చాలామందికి హాయిగా ఉంటుంది. నాకు పడదు. మొన్న మా ఆఫీసు ముందు కొత్త లాన్ పరిచారు. తడి మట్టితో సహా చాపల్లా చుట్టి తెచ్చిన గడ్డిని లారీలోంచి దించుతుంటే ఆ వాసన మూడో అంతస్తు దాకా వచ్చింది. లేచి కిటికీ మూసేశాను. పక్క సీట్లో కూర్చునే అమ్మాయి "ఏమైంది మేడం?" అని అడిగింది. భద్రయ్య సార్ ఎవరో చెప్పకుండా ఆ సంగతి చెప్పడం కుదరదు.

ప్రత్యేక రాష్ట్రం కోసం ఊళ్లూ రోడ్లూ అట్టుడుకుతున్న రోజులవి. డిగ్రీ కాగానే జనగామలో ఒక తోటల కంపెనీలో చేరాను. పెద్ద ఆఫీసులకూ కాలనీలకూ లాన్లు, మొక్కలు, రాళ్ల బాటలు వేయడం మా కంపెనీ పని. భద్రయ్య సార్ అక్కడ కూలీల వ్యవహారాలు చూసేవారు. యాభై దాటిన మనిషి, సన్నగా ఉండేవారు, మాట తక్కువ. సొంతూరు చిట్యాల దగ్గరి పల్లె. చిన్నప్పుడు ఒక పటేలు ఇంట్లో జీతం ఉన్నారని, అంటే పశువుల వెంట, పొలం వెంట ఏళ్ల తరబడి కట్టుబడి బతికారని ఆఫీసులో అందరికీ తెలుసు. ఆయన మాత్రం ఆ ఊసెత్తేవారు కాదు.

ఆ ఏడాది ఒక పెద్ద సంస్థ మాకు పనిస్తూ షరతు పెట్టింది. మా దగ్గరే కాదు, మాకు గడ్డీ రాళ్లూ మొక్కలూ పంపేవాళ్ల దగ్గర కూడా నిర్బంధంగా పనిచేసే మనిషి ఒక్కరూ ఉండకూడదు. మా యజమాని ఒక ఫారం అచ్చు వేయించి, నింపి తెచ్చే పని నాకు అప్పగించాడు. అలా మహదేవపూర్ వైపున్న ఒక గడ్డి తోటకు వెళ్లాను. తోట ఓనర్ కుర్చీ వేయించి చాయ్ తెప్పించాడు. గూడూరు పక్క తండాల నుంచి వచ్చిన పదిహేడు మందిని వరసగా నిలబెట్టాడు. "అంతా మంచిగుందా?" అని అడిగాను. "మంచిగనే ఉంది" అన్నారు. అన్ని గళ్లలోనూ టిక్కులు పెట్టాను. జీపు ఎక్కబోతుంటే ఒకామె గడ్డి మోపు దించి గబగబా వచ్చి నా చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీ బండి గూడూరు దిక్కు పోతదా?" అంది. "లేదమ్మా, జనగామ పోతది" అన్నాను. ఆమె చెయ్యి వదిలేసి లోపలికి వెళ్లిపోయింది.

ఎనిమిది రోజులకు ఆ ఫారం భద్రయ్య సార్ చేతికి వచ్చింది.

"అడిగేటప్పుడు ఓనర్ ఏడున్నడు బిడ్డా?"

"నా పక్కకే ఉన్నడు సార్."

"ఇంకెవరన్న ఏమన్న అన్నరా?"

గూడూరు సంగతి చెప్పాను. బస్సులు బంద్ కదా, అందుకే అడిగి ఉంటుందని నేనే సర్దిచెప్పాను. ఆయన పెన్ను కింద పెట్టారు.

"ఊరికి పోదామనుకున్న మనిషి మల్ల గేటు లోపలికెందుకు పోయింది? జీపెక్కు."

దారి పొడవునా బందే. రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వండుతున్నారు. పాటలు, నినాదాలు. సార్‌కు కూడా ఉద్యమమంటే ప్రాణం, ఆదివారమైతే దీక్షా శిబిరంలోనే ఉండేవారు. ప్రతి అడ్డు దగ్గరా దిగి బతిమాలి జీపుకు దారి అడిగారు. భూపాలపల్లి దాటాక ఉన్నట్టుండి అన్నారు: "నేను జీతమున్నప్పుడు ఒకసారి ఆఫీసర్లు వచ్చిండ్రు. పటేలు అరుగు మీద కూసోని చాయ్ తాగిండ్రు. గ్లాసులు నేనే కడిగిన. నన్నేమడగలే."

తోట గేటుకు బయటి నుంచి తాళం ఉంది. ఓనర్ లేడు, కాపలావాడు తీయనన్నాడు. సార్ కంచె దగ్గరికి వెళ్లి లోపలివాళ్లను పిలిచారు. "మీరు ఊరికి పోయి ఎన్నొద్దులైంది?" నా చెయ్యి పట్టుకున్న ఆమే ముందుకొచ్చింది. పేరు ద్వాలి.

"మా బిడ్డకు జరమని కబురొచ్చింది బాపూ. అత్త తాన ఇడిసొచ్చిన. పోత అంటె పోనియ్యలే. అడ్వాన్సు తీరెదాక పోవద్దంటడు. ఫోన్లు, కార్డులు ఆయన తాన్నే ఉన్నయ్."

మండలాఫీసుకు పరుగెత్తాం. ఆఫీసు మూసి ఉంది. సిబ్బందంతా ఎదురుగా సమ్మె టెంటులో కూర్చున్నారు. సార్ టెంటు మధ్యలో నిలబడ్డారు. "అన్నా, మీ సమ్మె నాది సుత. నేను జెండ పట్టినోణ్నే. కని ఆడ పదిహేడు మందిని గేటుకు తాళమేసి పెట్టిండ్రు. రాష్ట్రమొచ్చెదాక ఆళ్లు అండ్లనే ఉండాల్నా?"

వాళ్లలో ఒక ముసలి గిర్దావరు, అంటే రెవెన్యూ ఇన్‌స్పెక్టరు, లేచి చెప్పులు తొడుక్కున్నాడు. దారిలో పోలీసు ఒకరిని వెంటబెట్టుకున్నాడు. గిర్దావరే దగ్గరుండి తాళం పగలగొట్టించి, అందరి మాటలూ రాసుకుని వేలిముద్రలు వేయించాడు. మిగతావాళ్లను చూసుకుంటానని మమ్మల్ని ద్వాలితో పంపించాడు.

గూడూరు దాటి తండా చేరేసరికి పొద్దుగూకుతోంది. జీపు ఆగకముందే ద్వాలి అత్త గుండెలు బాదుకుంటూ ఎదురొచ్చింది. బిడ్డ పోయి ఆరు రోజులైందట. అంటే నేను తోటకు వెళ్లొచ్చిన రెండో రోజున. ద్వాలి ఏడవలేదు. తమ భాషలో అత్తను ఏదో అడిగింది. అత్త తలూపింది. అప్పుడు నేల మీద కూలబడి ఏడ్చింది. ఏమడిగిందని పక్కనున్న ముసలాయనను అడిగాను. "బిడ్డ నన్ను అడిగిందా అన్నది" అని చెప్పాడు.

తిరుగు దారిలో ఉండబట్టలేక అడిగాను. "నా తప్పేనా సార్?" కాదంటారని ఆశపడ్డాను.

"తాళమేసింది వాడు. కని ఆమె నీకు చెప్పింది, నువ్వు ఇనలే. గా తప్పు నీదే." కాస్త దూరం పోయాక అన్నారు: "ఏడ్సుకుంట కూసోకు బిడ్డా. మల్ల ఎవరన్న చెప్తే ఇను."

ఆ తోట నుంచి గడ్డి రావడం ఆగిపోయింది. మా పని ఆలస్యమైంది. "మనం గడ్డి కొంటున్నం భద్రయ్యా, మనుషులను కాదు" అని యజమాని మండిపడ్డాడు. "గడ్డి దానంతట అదే లేసి లారీ ఎక్కది సార్" అన్నారు ఆయన. మరుసటి వారం ఆయనను గోదాములో ఎరువు బస్తాల దగ్గరికి మార్చారు. అక్కడి నుంచే సెలవులు పెట్టుకుంటూ, ఆఫీసుల చుట్టూ తిరిగి పదిహేడు మందికీ వెట్టి నుంచి విడుదలైనట్టు పత్రాలు ఇప్పించారు. తర్వాత రాష్ట్రం వచ్చింది. ఆయన కళ్లారా చూశారు. తోట ఓనర్ ఇంకోచోట ఇంకో పేరుతో తోట పెట్టాడని కూడా విన్నారు. ఊపిరితిత్తుల జబ్బుతో చిట్యాలలో మంచం పట్టినప్పుడు చూడబోతే, "ఆ కొత్త తోట కాడికి పోయినవా?" అన్నదే నాతో మాట్లాడిన ఆఖరి మాట.

వెళ్లాను. ఆ తర్వాత ఇంకా చాలా చోట్లకు వెళ్లాను. ఇప్పుడు అదే నా ఉద్యోగం. ద్వాలిని రెండుసార్లు కలిశాను. రెండుసార్లూ నా రెండు చేతులూ పట్టుకుని, "మీరు రాకుంటే అండ్లనే సచ్చిపోదుము అక్కా" అంది. ముందొకసారి వచ్చి వెళ్లింది కూడా నేనేనని ఆమెకు గుర్తులేదో, గుర్తుండే అనడం లేదో తెలియదు. అడిగే ధైర్యం ఇప్పటికీ రాలేదు.