జమీలా బాగుచేసిన క్లారినెట్

జమీలా ప్రొద్దుటూరులో జాకెట్లు కుట్టేది. ఆమె భర్త మౌలాలి, అలీ అహ్మద్ నడిపే బ్యాండులో క్లారినెట్ వాయించేవాడు. ఊరేగింపు ముగించుకుని అతను ఇల్లు చేరితే, జమీలా ముందు క్లారినెట్ అందుకునేది, తర్వాతే మంచినీళ్లిచ్చేది. దాన్ని ముక్కలుగా విడదీసి, దారానికి కట్టిన మల్లుగుడ్డను గొట్టంలోంచి లాగి ఊపిరి తడి తుడిచేది. వేళ్లతో నొక్కే కీలకు ఒక్కో చుక్క నూనె పెట్టేది. తడి నిలిస్తే చెక్క ఉబ్బుతుంది, ఎండ తగిలితే పగులుతుంది అని మౌలాలి ఉస్తాదు ఎప్పుడో చెప్పిన మాట శిష్యుడికంటే ఆమెకే బాగా గుర్తుండేది.

పార్టీల గొడవలు ముదిరిన రోజులవి. ఎవరి పెళ్లిలో వాయిస్తే ఆ పార్టీ బ్యాండని ముద్ర వేసేవాళ్లు. ఎన్నికల వేసవిలో చక్రాయపేట వైపు ప్రచారానికి ఒక పార్టీవాళ్లు అలీ అహ్మద్ బ్యాండును పిలిచారు.

"పోవద్దయ్యా," అంది జమీలా.

"మనకు ఏ పార్టీ ల్యా. వాయించేసి వచ్చేస్తాం," అన్నాడు మౌలాలి.

ఊరి మొదట్లోనే ఎదుటి పార్టీవాళ్లు జీపుకు అడ్డం పడ్డారు. రాళ్లు లేచాయి. దగ్గర్లో ఎక్కడో నాటుబాంబు పేలింది. మౌలాలి జీపులోంచి దూకబోయి తన క్లారినెట్ మీదే పడ్డాడు.

ఇంటికొచ్చి తువ్వాల మూట ఆమె ముందు విప్పాడు. పైముక్క నిలువునా పగిలింది. ఒక కీ విరిగింది. రంధ్రాలను మూసే ప్యాడ్లు నాలుగు ఊడిపోయాయి.

"మనిషివి వచ్చినావు, అదే శానా," అంది జమీలా. మౌలాలి ముక్కలను ఒక్కొక్కటే తడిమాడు. ఉస్తాదు చేతులమీదుగా అందుకున్న వాయిద్యం అది.

మర్నాడు అలీ అహ్మద్ వచ్చి చూశాడు. "ఇది అయ్యే పని కాదప్పా. పదిదినాల్లో జమ్మలమడుగులో పెద్దపెళ్లి. కడపనుంచి ఇంకో మనిషిని మాట్లాడుకుంటా," అన్నాడు.

లోపలినుంచి జమీలా గొంతు వినిపించింది. "ఎనిమిది దినాలు ఆగన్నా. అప్పటికీ పలక్కుంటే నీ ఇష్టం."

మౌలాలి తెల్లబోయాడు. "ఎవురు చేస్తారు? మద్రాసుకు పంపితే నెల పడతాది."

"నాకూ తెలీదు. తెలిసినోళ్లను అడుగుతా."

మరుసటి పొద్దు ఆమె మూట ఒళ్లో పెట్టుకుని జమ్మలమడుగు బస్సెక్కింది. అక్కడ చర్చిలో నలభయ్యేళ్లు క్లారినెట్ వాయించిన దాసయ్య ఉన్నాడు. తన వాయిద్యాన్ని తానే మరమ్మతు చేసుకున్న మనిషి. పగిలిన ముక్కను వెలుతురుకు పెట్టి చాలాసేపు చూశాడు. అతని వేళ్లు వణుకుతున్నాయి.

"చేతులు నా మాట వింటే నేనే చేసేవాణ్ని పాపా."

"చేతులు నావి ఉండాయి తాతా. నువ్వు చెప్పు, నేను చేస్తా."

పగులు ఇంకా పాకకుండా దాని కొసన సూదిమొనంత రంధ్రం వేయాలన్నాడు దాసయ్య. ఆమె ప్రొద్దుటూరు తిరిగొచ్చి బంగారు అంగళ్ల వీధిలో ఒక ఆచారిని అడిగింది. బంగారం తప్ప ఇంకోటి ముట్టనన్నాడాయన.

"ఇది బంగారం కంటే సన్నపనన్నా. చేతనవుతాదా, కాదా? అది చెప్పు."

ఆచారి నవ్వాడు. రంధ్రం వేసి, విరిగిన కీ అతికించి, ప్యాడ్లు అంటించడానికి కాస్త లక్క కూడా చేతిలో పెట్టాడు. పగుల్లో నల్లచెక్క పొడి, జిగురు కలిపి నింపింది జమీలా. ఆరాక పైన మైనం పట్టించిన పట్టుదారం చుట్టింది. పోగుకూ పోగుకూ మధ్య సందులేదు. మెత్తటి తోలు గుండ్రంగా కత్తిరించి ప్యాడ్లు చేసింది.

జమ్మలమడుగు వెళ్లి చూపిస్తే దాసయ్య సన్నటి కాగితం ముక్కను ప్యాడు కింద పెట్టి లాగాడు. జారి వచ్చేసింది. "గాలి పోతాంది. మళ్లీ చెయ్యి."

మళ్లీ చేసింది. రెండు ప్యాడ్లు నిలిచాయి, రెండు నిలవలేదు. ఏడుపొచ్చింది కానీ ఏడవలేదు. లక్క వేడిచేసి అన్నీ పీకి మూడోసారి అంటించింది. ఈసారి కాగితం చిరిగింది కానీ జారలేదు.

"నలభయ్యేళ్లు చేసినా నాకింత నున్నగా కుదర్లేదు," అన్నాడు దాసయ్య.

ఎనిమిదోరోజు మౌలాలి నోటిదగ్గరి రీడు తడిపి, భయంభయంగా ఊదాడు. అన్నిటికంటే కింది స్వరం, గొట్టంలో ఎక్కడ గాలి పోయినా పలకనిది, నిండుగా లేచింది. అతను ఆపకుండా గంటసేపు వాయించాడు. వీధి వీధంతా వాకిట్లోకి వచ్చింది.

జమ్మలమడుగు పెళ్లిలో మౌలాలే వాయించాడు. పెళ్లికూతురి మేనమామ నారాయణ, మౌలాలి దగ్గరికి రావడం చూసి అలీ అహ్మద్ వెనక్కి తగ్గాడు. ఆరోజు జీపుకు అడ్డం పడినవాళ్లకు ముందు నిలబడింది ఆ నారాయణే.

"ఆ పొద్దు నీ బాజా పగిలిందంటిరే, మరి ఇదేంది?"

"అదేనప్పా. నా ఆడమనిషి బాగుచేసింది."

నారాయణ పట్టుదారం కట్టు మీద బొటనవేలు పెట్టి తడిమాడు. గొంతు తగ్గింది. "ఆపొద్దు జరిగింది తప్పే. మావోళ్ల బ్యాండులోనూ ఒకటి మూలపడి ఉండాది. చేస్తాదా?"

"ఆమెను అడగాల," అన్నాడు మౌలాలి.

జమీలా సరేనంది. "తెచ్చేటోడు పార్టీ సంగతి గడప బయటే వదిలి రావాల," అని మాత్రం కబురు చేసింది.

ఏడాది తిరిగేసరికి పులివెందులనుంచి, జమ్మలమడుగునుంచి క్లారినెట్లు ఆమె కుట్టుమిషను పక్కన వరుసగా చేరాయి. బయట ఎదురుపడితే తలతిప్పుకునే రెండు పార్టీల బ్యాండ్లవాళ్లు ఆమె అరుగుమీద టీ తాగుతూ వంతుకోసం కూర్చునేవాళ్లు. "ముందు మాది," అని ఎవరైనా గొంతు పెంచితే, "ముందొచ్చినోళ్లది ముందు," అనేది ఆమె. అక్కడ ఇంకెవరి మాటా చెల్లేది కాదు.

దసరా సాయంకాలం ఊరేగింపులో మూడు బ్యాండ్లు వరసగా వచ్చాయి. వీధి మలుపులో జనం మధ్య జమీలాను చూసి ముందు పులివెందుల క్లారినెట్ మనిషి ఆగాడు. వెనక జమ్మలమడుగు మనిషీ, మౌలాలీ ఆగారు. ముగ్గురూ క్లారినెట్లు ఆమెవైపు ఎత్తి ఒకే పాట అందుకున్నారు. జనం దారిచ్చారు. జమీలా తలమీది కొంగు సర్దుకుని, ముందుకు నడిచి, వీధి నడుమ నిలబడి పాటంతా విన్నది.